నిదానపు వించి

వ్యాను ముందు చక్రాలు రెండూ బురదలో ఇరుసుదాకా దిగిపోయాయి. వెనకాల కిటికీ అద్దాల లోడు. డ్రైవరు కిందకి దిగి, ఒక చెప్పు బురదకి సమర్పించుకుని, ఒంటికాలి మీద నిలబడి దిక్కులు చూశాడు.

అప్పటికే ముసలాయన లారీ స్టార్టు చేశాడు.

రోడ్డు పక్కన ఆయన ఒక్కడే ఉండే రేకుల గది. దాని ముందు మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న పాత లారీ. లారీ ముక్కు దగ్గర వించి, అంటే ఇనుపతాడు డ్రమ్ముకి చుట్టుకుంటూ దిగబడ్డ బండిని లాగే యంత్రం. కనుచూపు మేరలో ఇంకో కొంప లేదు.

"కంగారు పడకు నాయనా. ముందు టీ తాగు."

"టీ తర్వాత తాతా. ముందు బండి సంగతి చూద్దాం."

"బండెక్కడికి పోతుంది? పోయే రకమే అయితే నువ్వు నా మొహం చూసేవాడివా?"

డ్రైవరుకి నవ్వొచ్చింది. టీ తాగాడు. ముసలాయనకి ఉన్నవి రెండే గ్లాసులు. రెండోది ఎవరైనా దిగబడ్డ రోజునే గూట్లోంచి దిగుతుంది.

"వాన చుక్క పడి మూడు నెలలైంది. మా ఊళ్ళో కుళాయిలు కూడా ఎండిపోయాయి. మీ రోడ్డుకి మాత్రం నీళ్ళ కరువు లేదే?"

"ఊట," అన్నాడు ముసలాయన.

ఆయన పని చూస్తే చీమకి కూడా విసుగొస్తుంది. లారీని వ్యానుకి సూటిగా నిలిపాడు. చక్రాల కింద దిమ్మలు పెట్టాడు. తోలు గ్లౌజులు ఒక్కొక్క వేలే సర్దుకుని తొడిగాడు. తాడు లాగుతూ డ్రమ్ము మీద మిగిలిన చుట్లు లెక్కపెట్టాడు. అయిదు చుట్లు తగ్గకూడదు, తగ్గితే తాడు మొదలే ఊడొస్తుంది. తర్వాత వ్యానుకి కప్పీ తగిలించి, తాడు దాని మీదుగా తిప్పి, కొక్కెం మళ్ళీ లారీకే తెచ్చి వేశాడు.

"ఇంత చిన్న బండికి కప్పీ ఎందుకు తాతా?"

"వించి మీద బరువు సగమవుతుంది."

"మరి లాగడం?"

"రెండింతల సేపు పడుతుంది."

డ్రైవరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తన చెప్పు కోసమని తాడు దాటబోయాడు.

"ఆగు. చుట్టూ తిరిగి రా."

"వదులుగానే ఉందిగా?"

"వదులుగా ఉన్నప్పుడు దాటినవాడు బిగిసినప్పుడూ దాటతాడు. తెగిన తాడు చుట్టరికం చూడదు."

చివరగా డబ్బాలో నీళ్ళు తెచ్చి గోనెసంచి తడిపి, తాడు నడుమ వేశాడు. ఖర్మ కాలి తెగినా ఆ బరువుకి కిందనే పడుతుందట.

"నీళ్ళెక్కణ్ణించి?"

"గుట్ట అవతల బావి."

"గోనె తడపడానికి అంత దూరం మోస్తావా?"

"అలవాటైపోయింది."

డ్రైవరుని దూరంగా రాయి మీద కూర్చోబెట్టి, వించి తిప్పాడు. వ్యాను అంగుళం అంగుళం కదులుతోంది. ఆ మధ్యలో కబుర్లు. పిల్లలెందరు, పెద్దదేం చదువుతోంది, అద్దాలు పగలకుండా ఎలా కడతారు. అన్నీ అడిగాడు. రెండుసార్లు ఆపి, డ్రమ్ము చల్లారాలన్నాడు.

"ఇంతకంటే జోరుగా లాగేది దొరకలేదా?"

"దొరికింది. పాత సామాను కొట్టువాడు రెండు చూపించాడు. రెండూ బండి బరువుకి ఒకటిన్నర రెట్లు లాగేవే. ఒకటి నిమిషంలో బయట పడేస్తుందన్నాడు. ఆ నిమిషం తర్వాత ఏం చెయ్యాలి అనడిగాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు."

మొత్తానికి వ్యాను గట్టెక్కింది. ఒక్క అద్దం బీటలివ్వలేదు. డ్రైవరు జేబులో చెయ్యి పెట్టాడు.

"డబ్బులొద్దు. మళ్ళీ ఇటొస్తే ఆగు, చాలు."

"ఊరికే చేయించుకోవడం నాకు చేతకాదు తాతా. మా బావమరిది రోడ్డు మేస్త్రీ. ఎల్లుండి పొద్దున రెండు లోడ్ల కంకర పోయించి రోలరు తొక్కిస్తాడు. ఆ పైన ఒక్క బండి దిగబడితే నన్నడుగు."

గ్లౌజు విప్పుతున్న చెయ్యి ఆగింది.

"ఊట నాయనా. ఎంత పోసినా మింగేస్తుంది."

"ఊటయితే కింద తూము వేస్తాడు. వాడికదే పని."

"వాళ్ళకెందుకా అవస్థ? నేనున్నాగా."

"ఈ వయసులో నీకెందుకీ చాకిరీ? అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చో, హాయిగా."

ముసలాయన గది వైపు చూశాడు. అరుగుంది. కాళ్ళూ ఉన్నాయి.

"వాళ్ళతో నువ్వూ వస్తావా?"

"నాకేం పని? గంటలో తొక్కించి వాళ్ళ దారిన వాళ్ళు పోతారు."

అక్కడికక్కడే ఫోను చేసేశాడు. బావమరిది సరేనన్నాడు. ముసలాయన కూడా సరేలే అన్నాడు. వ్యాను రెండుసార్లు హారను కొట్టి, మలుపు దాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయింది.

ముసలాయన తాడు తుడిచి, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా డ్రమ్ముకి చుట్టాడు. గోనె ఆరేశాడు. రెండో గ్లాసు కడిగాడు. గూట్లో పెట్టబోయి, గట్టు మీదే బోర్లించాడు.

కంకర రావడానికి ఇంకా రేపొక్క రోజుంది కదా అనుకుంటూ రెండు డబ్బాలూ తీసుకొని బావికి బయలుదేరాడు. పొద్దుగూకేలోగా ఆరుసార్లు తెచ్చి పోస్తే గాని తెల్లారేసరికి ఆ గుంతలో ఊట ఊరదు.