సిగ్నల్ వచ్చిన రోజు

టెలిఫోన్ల శాఖ పెద్దాఫీసరుగారికి,

ప్రభుత్వం డబ్బుతో మా కొండ మీద కట్టిన టవరు పనిచేస్తోందో లేదో చూడటానికి మీరొచ్చారు. నా చేతికి ఫోనిచ్చి, మీరు కింద రోడ్డు మీదికెళ్లి మాట్లాడారు.

"పెద్దమ్మా, వినబడుతోందా?"

"పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది నాయనా!" అన్నాను. ఆ మాట నమ్మి కాంట్రాక్టరుకు బిల్లు మంజూరు చేశారు.

మీరటు వెళ్లగానే మా ఊళ్లో ఫోన్లన్నీ మూగబోయాయి. నెల తిరక్కుండా మా చెల్లెలికి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సును పిలుద్దామని ఫోను పట్టుకుని వీధులన్నీ తిరిగాను. ఎక్కడా సిగ్నల్ లేదు. చెల్లెలు నా ఒళ్లోనే పోయింది.

నిన్న తెలిసింది. టవరు ఉత్త ఇనుము. ఆ రోజు సిగ్నలిచ్చింది బడి వెనక దాచిన అద్దె లారీలోని యంత్రం. అబద్ధం కాంట్రాక్టరుది, నోరు నాది. ఆ బిల్లు వెనక్కి లాగండి, మా టవరు పనిచేయించండి.

చెయ్యి ఆపావేంరా? "అమ్మా, వద్దే" అంటావా? అదీ రాయి. పోస్టు డబ్బాలో వేసేముందు పోస్ట్‌మాన్ చేత చదివించుకుంటాను, ఒక్క మాట తగ్గినా ఊరుకోను.

అయ్యా, ఆ కాంట్రాక్టరు నా కన్నకొడుకు. పోయింది వాడి పిన్ని. ఈ కార్డు రాస్తున్నదీ వాడే.