వంక లేని విత్తనం

“మొగోనికి పరీక్షా? మా యింట్లో ఆ మాటే ఎత్తొద్దు డాక్టరమ్మా!” అంటూ చెన్నమ్మ కుర్చీలోంచి లేచింది. లేచిన ఊపుకు కళ్ళు తిరిగి మళ్ళీ అందులోనే కూలబడింది. డాక్టరు కృపమణి నీళ్ళు ఇవ్వబోతే వద్దని, ఇంటినుంచి తెచ్చుకున్న చెంబులోవే రెండు గుక్కలు తాగింది.

కృపమణికి కోపం రాలేదు. ఆ మిషన్ ఆసుపత్రిలో పన్నెండేళ్ళుగా ఇటువంటి అత్తలను ఆమె శానామందిని చూసింది. ఎదురుగా బల్లమీద చెన్నమ్మ కోడలు కన్యకమ్మ తల వంచుకుని కూర్చుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. కాపురానికొచ్చి నాలుగేళ్ళయినా కడుపు పండలేదు.

“ఈ మూడు నెలల్లో నీ కోడలికి చేయాల్సిన పరీక్షలన్నీ చేసినా. గర్భనాళాల్లోకి గాలి పంపి గూడా చూసినా. యాడా అడ్డం లేదు. ఇంక చూడాల్సింది నీ కొడుకును. కేశవయ్యను ఒక్కసారి పంపించు, మైక్రోస్కోపు కింద చూస్తే అప్పుడే తెలిసిపోతాది” అంది కృపమణి.

“ఏం తెలిసేది? మా వంశంలో విత్తనానికి వంక లేదు.”

మైదుకూరులో చెన్నమ్మ భర్త లక్ష్మీనరసయ్యకు విత్తనాల అంగడి ఉంది. వేరుశనగ బుడ్డలు మొలవలేదని ఏ రైతు వచ్చి మొత్తుకున్నా, లోపలినుంచి చెన్నమ్మ చెప్పే జవాబు ఇదే. విత్తనానికి వంక లేదు, నీ చేన్లోనే ఏదో ఉండాది, చూసుకో పో అంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, చెన్నమ్మ నోరు ఎట్లున్నా ఊరే ఆమెతో సర్దుకుపోయింది.

కన్యకమ్మ తలెత్తకుండానే మెల్లగా అంది. “అమ్మే ముందు మామ తడిగుడ్డలో మొలకేసి చూస్తాడు గదత్తా. వంక లేదని తెలిసి గూడా చూస్తాడు.”

కృపమణి నవ్వేసింది. చెన్నమ్మ కోడలి వైపు కొరకొరా చూసింది.

“నోరు లేసింది నీకు! మొదటిసారి నిన్ను ఈడికి పిల్చకచ్చిన దినం ఆ బొగ్గుతో నడిచే బస్సు పొగకు దావంతా కక్కుకుంటా వచ్చినా. ఎవురి కోసం? నీ కోసం గాదా? ఇదో, డాక్టరమ్మ ముందరే చెప్తాండా. ఉగాది దాకా చూస్తా. కడుపు నిలిస్తే సరి. లేదంటే రాజంపేట పిల్లను కేశవునికి చేసుకునేదే. మాటలు గూడా అయిపోయినాయి.”

కన్యకమ్మకు ఇంట్లో గొణుగుడుగా విన్నమాట నలుగురిలో పడేసరికి ఇక తప్పదనిపించింది. ఉగాదికి నలభై రోజులే ఉన్నాయి. కేశవయ్యకు భార్యంటే ప్రాణమే. కానీ అమ్మకు ఎదురు చెప్పడం అతనికి పుట్టుకతోనే రాలేదు.

“అంత తొందరేమమ్మా? కేశవయ్యకు ఏమన్నా లోపం ఉన్నా బాగుచేసేది చూద్దాం. ఏమీ లేదంటే దినాలు లెక్కబెట్టుకునే పద్ధతి చెప్తా. ఒక్క ఏడాది ఓపిక పట్టు” అంది కృపమణి.

“నాకు ఏడాది లేదు డాక్టరమ్మా.”

ఆ గొంతులో అంతవరకూ ఉన్న పెత్తనం లేదు. కన్యకమ్మ తలెత్తి చూసింది.

“కడుపులో గడ్డ లేసింది. రెండు నెల్లాయ కనబడి. దినదినానికీ పెరుగుతాంది, రాత్రయితే లోపల ఏదో కెలికినట్లుంటాది. మాయమ్మ గూడా నా మాదిరే నలభైకి ఇట్లాంటి గడ్డతోనే పోయింది. ఇంట్లో ఎవురికీ చెప్పలా. కేశవుని తర్వాత ఇరవై మూడేండ్లు నా కడుపు గూడా పండలా. పోయేలోపల ఆ ఇంట్లో ఒక్క బిడ్డ ఏడుపు విని పోవల్లని ఆశ. అంతే.”

కన్యకమ్మకు నాలుగేళ్ళ కోపం ఒక్కసారిగా కరిగిపోయింది. లేచి వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది.

“ఉగాది దాకా గూడా ఆగొద్దత్తా. ఆ పిల్లను రేపే తెచ్చుకో. నేనే కుంకుమ పెట్టి ఇంట్లోకి పిల్చుకుంటా. నువ్వు మాత్రం మనవణ్ణి ఎత్తుకోకుండా పోవద్దు.”

మాట పూర్తికాకుండానే వెక్కి వెక్కి ఏడ్చింది. చెన్నమ్మ బిత్తరపోయి చూసింది. తర్వాత ఆ తల మీద చెయ్యి వేసింది. నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

“పిచ్చిదానా! నిన్ను ఏడిపించి ఇంగొకతిని ఎట్ల తెస్తానే? రాజంపేటోళ్ళకు నేనే చెప్తాలే, వద్దని. డాక్టరమ్మా, సోమవారం కేశవున్ని పంపిస్తా. ఆ మొలకేందో నువ్వే యేసి చూడు.”

“చూస్తా. ముందు నువ్వు ఆ బల్లమీద పండుకో” అంది కృపమణి.

తెర లాగి, చెన్నమ్మ పొట్టను నాలుగు వైపులా నొక్కి చూసింది. కళ్ళు ఎప్పటినుంచి తిరుగుతున్నాయో అడిగింది. మూతి వెడల్పుగా ఉన్న కొయ్య గొట్టం తీసి పొట్ట మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి, గోడ గడియారం చూస్తూ శానాసేపు అట్లే ఉండిపోయింది. చెన్నమ్మ వాసవీమాతను తలుచుకుంటూ పడుకుంది.

“ఇంకెన్ని నెలలు డాక్టరమ్మా? దాచొద్దు.”

“నాలుగు.”

చెన్నమ్మ కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. కృపమణి కన్యకమ్మను దగ్గరికి పిలిచి, గొట్టానికి చెవి ఆనించి వినమంది.

కన్యకమ్మ ఊపిరి బిగబట్టి వింది. ఒకసారి డాక్టరమ్మ ముఖం చూసింది. మళ్ళీ వింది.

“అత్తా, నీ గడ్డకు గుండె కొట్టుకుంటాంది!”