తాళం వేసిన కామెంటరీ

“తాళం ఇవ్వు సాహిత్యా. బాత్రూమ్‌కి వెళ్లొస్తా,” అన్నాడు కౌశల్, మైక్ మీద అరచెయ్యి మూసి.

“పోయిన నెలా ఇలాగే వెళ్లావు. ఐదు నిమిషాల తర్వాత ఎవరిదో హెల్మెట్ పెట్టుకుని గ్రౌండ్ మధ్యలో తేలావు,” అంది సాహిత్య. తాళంచెవి ఉన్న హ్యాండ్‌బ్యాగ్‌ని ఒళ్లోకి లాక్కుని జిప్పు మూసింది.

వాళ్లున్నది బ్లాక్‌టౌన్‌లో ఒక గ్రౌండ్ పక్కన, ఇనుప స్తంభాల మీద నిలబెట్టిన రేకుల డబ్బాలో. పేరుకి కామెంటరీ బాక్స్. ఈ దేశంలో నవంబర్ అంటే ఎండాకాలమే, ఆ ఎండలో దానికీ ఇడ్లీ పాత్రకీ ఒకటే తేడా, ఇడ్లీలని పది నిమిషాలకి బయటికి తీస్తారు. బంతి తగలకుండా కిటికీకి ఇనుప వల. కింద సాసేజ్‌లు తింటున్న పిల్లలు జూలో పులికి ఊపినట్టు పైకి చేతులూపుతున్నారు. కౌశల్ కూడా పులిలాగే రెండడుగులు అటూ, రెండడుగులు ఇటూ తిరుగుతున్నాడు. మూడో అడుగుకి చోటు లేదు.

ఆరేళ్లు అతను బ్లాక్‌టౌన్ బ్యాండికూట్స్‌కి క్వార్టర్‌బ్యాక్. సాహిత్య ఇంట్లో వాళ్లని పందికొక్కులనే అంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి ఎటు పోవాలో జట్టుకి చెప్పి, అటు విసిరి, ఆ తర్వాత నూట ఇరవై కిలోల మనుషుల కింద పడుకునేవాడు. ఆ ఆరేళ్లలో కౌశల్ వాళ్ల కింద పడుకున్నంతసేపు ఇంట్లో మంచం మీద పడుకోలేదు. చివరికి కుడి భుజం పాత తలుపు గొళ్లెంలా తయారైంది, ఎప్పుడు ఊడుతుందో దానికే తెలీదు. డాక్టర్ కిరణ్మయి ఆంటీ ఎక్స్‌రే చూసి, ఇంకొక్క దెబ్బ తగిలితే ఆ చేత్తో అన్నం కూడా కలుపుకోలేవని చెప్పింది.

ఆ సాయంత్రమే సాహిత్య అతని హెల్మెట్‌లో మట్టి పోసి పుదీనా వేసింది. బాగా వచ్చింది కూడా.

తర్వాత ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. సీజన్ అయ్యేదాకా అతను ఆట జోలికి పోకుండా కామెంటరీ చెప్పుకోవాలి. ఫైనల్ అవగానే ఒక స్పోర్ట్స్ చానల్లో తెలుగు కామెంటరీ ఉద్యోగానికి సంతకం పెట్టాలి. ఆ కాగితాలు ఆమె బ్యాగ్‌లో తాళంచెవి పక్కనే ఉన్నాయి. ఇవాళే ఫైనల్. ఇంకాసేపు గడిస్తే మొగుడి భుజం ఆమెకి దక్కినట్టే.

ఇక్కడ తెలుగులో చెబుతానని పట్టుబట్టింది మాత్రం కౌశలే. పక్కనే ఉన్న ద పాండ్స్ కాలనీ నుంచి మన తెలుగు ఫ్యామిలీస్ బోలెడంతమంది వస్తారని కమిటీని ఒప్పించాడు. ఆ బోలెడంతమందీ ఇవాళ పదకొండు మంది, అందులో ఇద్దరు నిద్రపోతున్నారు. లౌడ్‌స్పీకర్లు నాలుగు, నాలుగూ గ్రౌండ్ వైపే తిరిగి ఉన్నాయి. ఈ గోల భరించలేకపోతున్నామని ఎదుటి జట్టు కోచ్ ఫిర్యాదు చేస్తే, కామెంటరీ ఏ భాషలో ఉండాలో రూల్‌బుక్‌లో లేదని రిఫరీ చేతులెత్తేశాడు.

“ఇంగ్లిష్‌లో చెప్పొచ్చుగా. అందరికీ అర్థమవుతుంది,” అంది సాహిత్య.

“అందరికీ అర్థమైతే ఇంక తెలుగెందుకు?” అన్నాడు కౌశల్.

కింద కొత్త క్వార్టర్‌బ్యాక్ మోకాలి మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఏడో నంబర్ జెర్సీ. టీమంతా డ్వేన్ అని పిలుస్తారు. ఆరడుగుల పైన మనిషి, చేతుల నిండా టాటూలు. కౌశల్ స్థానంలో ఎడ్మండ్‌సన్ పార్క్ ఏరియా నుంచి తీసుకొచ్చారు. బంతి ఆటలోకి వచ్చే ముందు ప్రతిసారీ డ్వేన్ లేసు ఊడుతుంది. ఇవాళ ఇది ముప్పై నాలుగోసారి. ఇంత ఆట ఆడేవాడికి ఒక ముడి వెయ్యడం రాదా అనుకుంది సాహిత్య.

“ఇప్పుడు కుడి పక్కకి పొట్టి పాస్ వేస్తే బావుంటుందండీ,” అన్నాడు కౌశల్ మైక్‌లో. “మధ్యలోంచి వెళ్తే మాత్రం ఎముకలు ఏరుకోవాలి.”

డ్వేన్ లేచి, తన వాళ్లతో ఏదో గొణిగి, కుడి పక్కకి పొట్టి పాస్ వేశాడు.

సాహిత్యకి గర్వంగా అనిపించింది. ఐదు వారాలుగా ఇతను ఏదంటే అదే జరుగుతోంది. చానల్ వాళ్లు ఊరికే పిలవలేదు.

ఇంకా నలభై సెకన్లు. బ్యాండికూట్స్ నాలుగు పాయింట్లు వెనక, బంతితో అవతలి చివరి గీత దాటితే ఆరొస్తాయి. కౌశల్ కిటికీ వలని రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇటు తిరిగాడు.

“ఒక్క త్రో సాహిత్యా. ఒక్కటే. తాళం ఇవ్వు.”

“ఆ భుజంతోనా?”

“ఎడమ చేత్తో వేస్తా.”

“ఎడమ చేత్తో నీకు చెంచా పట్టుకోవడం రాదు.”

అంది గానీ అతని మొహంలోకి చూడలేకపోయింది. ఆరేళ్లు ఆ గడ్డి మీద పరిగెత్తిన మనిషిని రేకుల డబ్బాలో పెట్టి తాళం వేసింది తనే. బ్యాగ్ జిప్పు సగం తీసింది. ఎక్స్‌రే గుర్తొచ్చి మళ్లీ మూసేసింది.

“మైక్‌లో చెప్పు. ఇంక నీకున్నది అదే,” అంది మెల్లగా.

కౌశల్ కుర్చీలో కూలబడ్డాడు. మైక్ దగ్గరికి లాక్కున్నాడు. కింద డ్వేన్ లేసు మళ్లీ ఊడింది.

“అవతలివాళ్లందరూ ఎడమ వైపే కాపు కాశారండీ. అటు విసిరినట్టు చెయ్యి ఊపి, బంతి పొట్టలో దాచుకుని, కుడి చివర సందులోంచి తనే పరిగెత్తాడనుకోండి, ఆపేవాడు లేడు.”

ఆపేవాడు లేకపోయాడు. డ్వేన్ గీత దాటి గడ్డి మీద బోర్లా పడ్డాడు. పదకొండు మందీ లేచి నిలబడ్డారు, నిద్రపోతున్న ఇద్దరితో సహా.

కౌశల్ కళ్లు తుడుచుకున్నాడు. సాహిత్య కాగితాలు తీస్తే చదవకుండానే సంతకం పెట్టేశాడు. ఉద్యోగంలో చేరతానన్నాడు, ఇంక హెల్మెట్ ముట్టనన్నాడు, పుదీనాకి నీళ్లు కూడా తనే పోస్తానన్నాడు. ఒక్కటే అడిగాడు.

“శనివారాలు మాత్రం ఈ డబ్బా నాదే. కామెంటరీ మానను.”

పాపం, బోనుకి అలవాటు పడ్డాడు అనుకుంది సాహిత్య. ఇక భయం లేదనిపించి తాళం తీసింది.

తలుపు తెరిచేసరికి ఏడో నంబర్ జెర్సీ రెండేసి ఇనుప మెట్లు ఎక్కుతూ పైకి వచ్చేస్తోంది. ఆమె వెనక కౌశల్ ఎందుకో ఆగకుండా దగ్గడం మొదలుపెట్టాడు.

“కంగ్రాట్స్ డ్వేన్, గ్రేట్ గేమ్,” అంది సాహిత్య.

అతను హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని నవ్వాడు.

“నమస్తే వదినా,” అన్నాడు డ్వేన్.