లోపలి వరస

ప్రణవ్ పోయిన రోజే ఆసుపత్రిలో అతని తమ్ముడు అఖిలేష్ రక్తం తీసి పరీక్షకు పంపారు. పదో రోజు పొద్దునకీ రిపోర్టు రాలేదు. ఉయ్యూరులో వాళ్ళింటి ముందు మంగలి మాణిక్యం కత్తి సంచీతో నిలబడ్డాడు. కాలవ రేవుకు బయలుదేరాలి. తండ్రి లేని ఇంట్లో కర్మ చేసేది అఖిలేషే.

"తమ్ముడికి గుండు వద్దు, పెదనాన్నా," అంది అనఘ, గుమ్మానికి అడ్డం నిలబడి.

లక్ష్మీనారాయణ కండువా దులిపాడు. "అన్నకు కర్మ చేసేవాడు తల దువ్వుకుని కూర్చుంటాడా? గుండు చేయించుకుని పోయినవాణ్ణి నేనెక్కడా చూళ్లేదమ్మా."

"కడుపులో రాయి తీయించుకుని, రక్తం ఆగక పోయినవాణ్ణి ఇదివరకు చూశారా?"



"అన్నయ్యకు ప్లేట్‌లెట్లు బోలెడున్నాయన్నారు కదే," అంది తల్లి జ్ఞానేశ్వరి.

అనఘ బడిలో పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. "ఉన్నాయమ్మా. వాటి చుట్టూ పొరలో కొవ్వు రెండు వరసలుగా ఉంటుంది. గాయమైతే, లోపలి వరసలోని ఒక రకం కొవ్వును ఒక ప్రొటీను బయటి వరసకు తిప్పుతుంది. రక్తం గడ్డకట్టేది దాని మీదే. అన్నయ్యకు ఆ ప్రొటీను పనిచేయలేదు. మీది మేనరికం కాబట్టి తమ్ముడికీ ఆ లోపం ఉండొచ్చన్నారు."

"ఊళ్ళో సగం మేనరికాలే," అన్నాడు లక్ష్మీనారాయణ. "నీ ప్రొటీను తిరిగేదాకా పంతులుగారు ఆగుతారా, టీచరమ్మా? నెలలు నిండినదానివి, ముందు నువ్వు కూర్చో."

ఫోన్ మోగింది. ల్యాబ్ డాక్టరు. అనఘ వింటూ కళ్ళు మూసుకుంది.

"తమ్ముడికి లేదట."

జ్ఞానేశ్వరి అరుగు మీద కూలబడి కొంగులో ముఖం దాచుకుంది. అఖిలేష్ చెప్పులు వదిలి, మాణిక్యం వెంట నడిచాడు. "టోపీ ఒకటి కొనిపెట్టక్కా," అన్నాడు వెళ్తూ, నవ్వి. పదిరోజుల్లో ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

"థాంక్సండీ," అంది అనఘ ఫోన్‌లో.

"ప్రణవ్‌కు ఇంకా తోబుట్టువులున్నారా అమ్మా?"

"నేనొక్కదాన్నేనండీ. రక్తం ఆగని జబ్బు మగవాళ్ళకే కదా వచ్చేది? బడిలో పాఠం అలాగే చెబుతాను."

"మీరు పాఠంలో చెప్పేది వేరే జబ్బమ్మా. ఇది ఆడపిల్లలకూ వస్తుంది. రిపోర్టుకు వారం పైన పడుతుంది, ఆలస్యం చేయకుండా వచ్చి రక్తం ఇవ్వండి."

కాన్పు ఎల్లుండి అన్నారు. అనఘ రక్తం ఇంకా ఎవరూ తీయలేదు.