విశేషమేమీ లేదు

జలాంతర్గామి ఒపాల్‌కు ఇదే ఆఖరి యాత్ర. తూలోన్ రేవు చేరగానే దాని అణు ఇంధనం తీసేస్తారు. ఆపైన ముక్కలుగా కోస్తారు.

వీడ్కోలు సభలో చదవడానికి కమాండర్ మోర్వాన్ దాని సేవా చరిత్ర రాస్తున్నాడు. ఏ సముద్రం, ఏ లోతు, ఏ ఓడ నీడ వెంట. ప్రతి యాత్ర చివరా ఒకటే మాట: విశేషమేమీ లేదు. ముందువరుసలో కూర్చునే కొడుకు గాస్పార్‌కు విసుగు పుడుతుందేమో. మార్చాలనుకున్నాడు. మరో మాట తోచలేదు.

మెకానిక్ ఎర్వాన్‌తో ఏం చెప్పాలో కూడా తోచలేదు. ఎర్వాన్ తండ్రి పోయాడు.

ఇంటినుంచి నీటి అడుగుకు వారానికొక చిన్న సందేశం వస్తుంది. జవాబు వెళ్లదు. ఉపకమాండర్ వాసెర్ అన్నీ ముందుగా చదువుతాడు. చావు కబురైతే ఆపేసి, కమాండర్ చెవిన మాత్రం వేస్తాడు. తీరం కనబడేదాకా ఆ ఇంటివాడికి చెప్పరాదు. బయలుదేరేముందు అందరూ ఒప్పుకున్న నియమం.

ఇరుకు దారిలో ఎర్వాన్ అడ్డం నిలిచాడు.

"కమాండర్, మా నాన్న ఆసుపత్రినుంచి ఇంటికొచ్చాడంటారా?"

"నన్నడిగితే? పోయి నీ పంపు చూసుకో."

రేడియో గది గుట్టు ఇనుప గోడల మధ్య ఎన్నాళ్లు దాగుతుంది? మోర్వాన్ వస్తే పేకాట ఆగిపోతోంది. చాటున తనను ‘పాషా’, పెద్ద దొర, అని వెక్కిరించే గొంతులు సద్దుమణిగాయి. వంటవాడు బాస్త్యాన్ అడగకుండానే వేడి రొట్టె తెచ్చి ముందు పెట్టాడు.

"ఏంటోయ్ ఈ మర్యాద? ప్రమోషన్ కావాలా?"

"అబ్బే, అడుగు మాడింది కమాండర్. తిట్టడానికి మీకో పనుంటుందని."

ఎవరూ నవ్వలేదు. ఎర్వాన్ సంగతి వీళ్లకూ తెలిసిపోయింది, అనుకున్నాడు మోర్వాన్. ఇంటినుంచి భార్య సందేశాలూ పొడిబారాయి. తోట బాగుంది. కుక్క బాగుంది. చదివి మడిచి పెట్టేవాడు.

తూలోన్ రేవు మీది ఫారోన్ కొండ కనబడింది. ఎర్వాన్‌ను గదికి పిలిపించాడు. పక్కన వాసెర్ నిలుచున్నాడు.

"మీ నాన్న పోయాడు, ఎర్వాన్. ముందే తెలుసు. చెప్పకూడదు."

"మీరు కసిరిన రోజే అర్థమైంది, కమాండర్."

"సరే. ఇక వెళ్లు."

ఎర్వాన్ కదలలేదు. టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"కాసేపు ఉంటాను, కమాండర్."

వాసెర్ తలుపు మూసి, నియమం ప్రకారం ఇన్నాళ్లూ ఆపి ఉంచిన రెండో చావు కబురు, గాస్పార్‌ది, చెప్పడం మొదలుపెట్టాడు.