చేప మాస్కులు

ఇలా నా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు, నాగేశ్వరి చెవిన పడిందంటే నాకు మాటొస్తుంది.

ఆ మనిషి మళ్ళీ వెనకే వస్తోంది.

నాగేశ్వరి రంగు చేపల అద్దం దగ్గర ఆగితే ఆమె ఆగింది. తాబేళ్ళ తొట్టి వైపు తిరిగితే ఆమె కూడా తిరిగింది. ముతక నేతచీర, కాళ్ళకి కడియాలు, భుజాన నిద్రపోతున్న ఓ పిల్ల. చూపు మాత్రం చేపల మీద లేదు. నాగేశ్వరి చెయ్యి పట్టుకున్న పిల్ల మీదే ఉంది.

దసరా సెలవులేమో, ఖాజాగూడ పక్కన కొత్తగా తెరిచిన ఆ అక్వేరియంలో కాలు పెట్టే సందు లేదు. పండగని చెప్పి గేటు దగ్గర పిల్లలందరికీ అట్ట చేప మాస్కులు ఊరికే పంచారు. లోపల అన్నీ నీలం దీపాలు. ఏ పట్టులంగా చూసినా ఒకటే రంగు, ఏ పిల్లని చూసినా చేపే. కొడుకూ కోడలూ పెద్దవాడు రోహిత్‌ని బాత్రూమ్‌కి తీసుకెళ్తూ, నాలుగేళ్ళ రసజ్ఞని మామ్మకి అప్పగించారు. వెళ్ళేముందు కోడలు వాసంతి ఊరుకుందా?

"అత్తయ్యా, గుంపులోకి బంగారం వద్దని ముందే చెప్పానండి. ఆ గొలుసు కాస్త చూస్తూ ఉండండి" అంది.

పండగపూట పిల్ల మెడ బోసిగా ఉండకూడదని గొలుసు వేసింది నాగేశ్వరే. దానికేమైనా అయితే కోడలు ఏమీ అనదు. ఏమీ అనకుండా చూస్తుంది. ఆ చూపుకే నాగేశ్వరికి భయం.

అంతకుముందు అద్దాల సొరంగంలో పెద్ద షార్కొకటి తల మీదుగా పోయినప్పుడు, జనం ఫోన్లెత్తుకుని ఒక్కసారిగా విరగబడ్డారు. ఆ తోపులాటలో పిల్ల చెయ్యి ఇట్టే జారి, ఇట్టే మళ్ళీ దొరికింది. ఈ మనిషి వెంటపడింది ఆ తర్వాతే.

పిల్ల భయపడకుండా నాగేశ్వరి సంచిలోంచి చేగోడీ తీసి ఇచ్చింది. ఇంట్లో చేగోడీ అంటే మూతి తిప్పుకుని చిప్స్ కోసం రాగం తీసే పిల్ల, మాస్కు నోట్లోంచి దూర్చుకుని కరకరా నమిలేసింది. నమిలి, "ఇంకో సకినం" అని లోపలి నుంచి గొణిగింది.

"సకినం కాదు తల్లీ, చేగోడీ. ఆ ప్లేస్కూలు ఆయా దగ్గర పట్టావా ఈ మాట?" అని ముద్దుగా విసుక్కుని ఇంకోటి చేతిలో పెట్టింది.

పిల్ల వెనక్కి తిరిగి ఆ మనిషిని చూపించింది. "అవ్వ."

"అవునమ్మా, అవ్వే. ముసలవ్వ. అటు చూడకు."

చూడొద్దంటే వింటుందా, చెయ్యి ఊపింది. అవతల ఆమె కూడా నవ్వి చెయ్యి ఊపింది. నాగేశ్వరి పిల్ల చెయ్యి గబుక్కున దించేసింది. పరాయి పిల్లని ఇంతలోనే ఇంత మచ్చిక చేసుకుందంటే, ఇదెవరో చెయ్యి తిరిగిన మనిషే.

ఇంక మోకాళ్ళ నొప్పి గుర్తుంటుందా. పిల్లని ఈడ్చుకుంటూ జెల్లీ చేపల గదిలోకి దూరింది. "ఓ అమ్మా, జర ఆగుండ్రి" అని వెనక నుంచి పిలుపు. వినపడనట్టే ఓ స్తంభం చాటుకి పోయి, గొలుసు తీసి రవికలో దోపుకుందామని పిల్ల మెడ తడిమింది.

మెడలో గొలుసు లేదు.

ఇటు తడిమింది, అటు తడిమింది. ఎదురొచ్చిన గార్డు లింగయ్య చెయ్యి పట్టుకుని, "బాబూ, ఆవిడని కదలనివ్వకు. సొరంగం దగ్గర్నుంచి నా వెంటే పడి నా మనవరాలి గొలుసు కొట్టేసింది" అంది.

జనం మూగారు. చేపల వైపున్న ఫోన్లన్నీ ఇటు తిరిగాయి. లింగయ్య ఊరూ పేరూ అడిగాడు. పోచమ్మట. తెల్లాపూర్‌లో అపార్ట్‌మెంట్లు ఊడుస్తుందట. మనవరాలికి చేపలు చూపిద్దామని వచ్చిందట.

"ఏందవ్వా, పండగపూట గీ పని?" అన్నాడు లింగయ్య.

"గొలుసు నా కాన్నే ఉన్నది బిడ్డా" అంది పోచమ్మ. "గదే చెప్దామని అప్పటిసంది ఎనక తిరుగుతున్న. గీయమ్మ నిలవడ్తనే లేదు."

దొంగ ఇంత తీరుబడిగా ఒప్పుకోవడం ఎక్కడా చూడలేదని ఎవరో నవ్వారు. పోచమ్మ తన భుజాన పడుకున్న పిల్ల మీది కొంగు తొలగించింది. మాస్కు కింద, ఆ లేత మెడలో, లక్ష్మీదేవి బిళ్ళతో సహా గొలుసు మెరుస్తోంది.

"చూశారా, అప్పుడే తన మనవరాలి మెడలో వేసేసుకుంది. పోలీసుల్ని పిలవండి" అంది నాగేశ్వరి.

"పిలువుండ్రి" అంది పోచమ్మ. "నేను సుత వాళ్ళనే పిలుద్దామనుకున్న."

అప్పుడే కొడుకూ, కోడలూ, రోహిత్ జనాన్ని తోసుకుంటూ వచ్చారు. వాసంతి అత్తగారిని చూసింది, అత్తగారి పక్కనున్న పిల్లని చూసింది, ఏమీ అనలేదు. ఆ గోలకి పోచమ్మ భుజం మీది పిల్లకి మెలకువ వచ్చింది. మాస్కు నెత్తి మీదికి నెట్టుకుని, కళ్ళు నులుముకుంటూ నాగేశ్వరి వైపు చూసింది. ఈ కథ గుర్తుపెట్టుకోండి, మీ వాళ్ళకీ చెప్పండి. చెప్పేటప్పుడు ఏది మార్చినా సరే, ఆ పిల్ల అప్పుడన్న మాట మాత్రం మార్చకండి:

"మామ్మా, నీ చెయ్యి పట్టుకున్న ఆ పిల్లెవరు?"