ఎడమ కార్బొరేటర్ దగ్గు

“నాలుగింటికి వస్తున్నారట నాన్నా!”

షెడ్డు గుమ్మంలో నిలబడి ఆ ఒక్క ముక్కా చెప్పేసరికి కొడుక్కి ఆయాసం వచ్చింది. పాతికేళ్ళవాడు, పరిగెత్తుకుంటూ వచ్చాడు.

మెకానిక్ గోడ గడియారం కేసి చూశాడు. రెండూ నలభై.

“ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. షట్టరు సగం దించి ఇలా తగలడు.”

స్టాండు మీద పాత బండి. వయసులో మెకానిక్ కంటే ఓ పదేళ్ళు చిన్నదేమో. రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు. కుడివైపుది బుద్ధిమంతురాలు. ఎడమవైపుదే పెంకిది. పది దెబ్బలకోసారి ఖళ్ళుమని దగ్గుతుంది. బాగుచెయ్యమని కొడుకు ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నా ఆయన ఇవాళా రేపూ అంటూ వచ్చాడు. ఊళ్ళోవాళ్ళ బళ్ళన్నీ బాగుచేసే మనిషికి కొడుకు బండి చూసే తీరిక మాత్రం దొరకలేదు!

వచ్చేది సంగీతం టీచరు. ఆవిడవి పాము చెవులు. నలభై మంది పిల్లలు ఒక్కసారి పాడుతుంటే ఎవరి శ్రుతి తప్పిందో వేలు పెట్టి చూపిస్తుందట. ఈ మోడల్ బళ్ళు ఊళ్ళో మొత్తం ఏడు. పొద్దుట్నుంచీ ఆరు విన్నది. దేన్నీ ‘ఇదే’ అనలేదట.

ఇక మిగిలింది ఈ బండే.

మెకానిక్ ఎడమ కార్బొరేటర్ విప్పి బల్ల మీద పరిచాడు. పెట్రోలు చిమ్మే సన్నటి జెట్ నిండా మట్టి. పెట్రోలుతో కడిగి, ఊది, వెలుతురుకి ఎత్తి చూశాడు. ఇంజనుకి కలిపే రబ్బరు వెంట్రుకంత చీలి ఉంది. దాన్ని పీకి కొత్తది వేశాడు.

“దగ్గు దొరికిపోతే నాన్నా?”

“దొరికితే నీ బతుకు బస్టాండే. ఆవిడ అనే ఒక్క మాట మీద ఉంది నీ జీవితమంతా. నోరు మూసుకుని యాక్సిలరేటర్ పట్టు. వణక్కు!”

వణక్కుండా ఎలా ఉంటాడు? మూడ్రోజులుగా వాడికి తిండి సయించడం లేదు.

ఇంజను వేడెక్కింది. మెకానిక్ రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస కుడి కార్బొరేటర్ నోటి దగ్గర ఉంచాడు. గాలి పీల్చే బుస విన్నాడు. గొట్టాన్ని ఎడమవైపుకి మార్చాడు. ఇది మరీ గట్టిగా పీలుస్తోంది. స్క్రూ పావు వంతు వెనక్కి తిప్పాడు. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ.

ఖళ్ళు!

ఇద్దరి పైప్రాణాలూ పైనే పోయాయి.

మూడూ ఇరవై. గాలి స్క్రూని లోపలికి తిప్పుకుంటూ పోయాడు, ఇంజను నీరసించేదాకా. మళ్ళీ బయటికి, తడబడేదాకా. రెంటికీ మధ్యలో ఆపాడు. కేబుల్ కాస్త బిగించాడు. చెమట కళ్ళలోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

మూడూ యాభై. రెండు బుసలూ ఒకటయ్యాయి. పది దెబ్బలు. ఇరవై. యాభై. దగ్గు లేదు!

ముప్ఫై ఏళ్ళ వృత్తిలో ఇంత చక్కగా కుదిరిన పని లేదు. అయినా ఆయన మొహంలో కళ లేదు.

“నాన్నా, నువ్వు దేవుడివి.”

“చాల్లే. నీకు తండ్రిని, అదీ నా ఖర్మ.”

బయట కారు ఆగింది. పొడుగాటి మనిషి ఒకాయన వంగి షట్టరు పైకెత్తాడు. ఆయన వెనకే టీచరు లోపలికి వచ్చింది. నిద్రలేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

“స్టార్ట్ చెయ్యి” అన్నాడు పొడుగాటాయన.

మొదటి కిక్కుకి కొడుకు కాలు జారింది. రెండోదానికి ఇంజను అందుకుంది. ఆవిడ గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది.

“పెంచు బాబూ... ఇప్పుడు ఒక్కసారిగా వదిలెయ్... ఏదీ, ఇంకోసారి.”

వదిలినప్పుడే దగ్గు ఎక్కువగా వచ్చేది. కొడుకు యాక్సిలరేటర్ వదిలాడు.

దగ్గు రాలేదు.

ఆవిడ కళ్ళు తెరిచి, తల అడ్డంగా ఊపి, పొడుగాటాయనతో నీరసంగా అంది.

“మా ఆయన్ని గుద్దేసి ఆగకుండా పోయిన బండి ఇది కాదండీ, ఇన్‌స్పెక్టర్ గారూ.”